కంటితో వేసే మార్కు

మా బాబాయి జగన్నాథరావుది హైదరాబాదు ఉద్యోగం, నందిగామ కాపురం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో బీరువాలంత యంత్రాలు ఉండేవి చూశారా, అవి తయారుచేసే పెద్ద కంపెనీలో ఆయన పనిచేసేవాడు. ఏడెనిమిది వేలమంది పనివాళ్లున్నా ఆ కంపెనీ యంత్రంలోకి వెళ్లే ప్రతి ముక్కా తనే చేసుకునేది కాదు. చిన్న చిన్న సామాన్లు బయట షెడ్లవాళ్లకి ఇచ్చి చేయించుకునేది. విజయవాడ రోడ్డు పొడుగునా, ఆ చుట్టుపక్కలా అలాంటి షెడ్లు అయిదుండేవి. కంచికచర్లలో రేకు పలకలు కొట్టే షెడ్డు, మైలవరంలో స్ప్రింగులు చేసే షెడ్డు, జగ్గయ్యపేటలో రాగితీగ చుట్టే షెడ్డు, ఇట్లా. వాటన్నిటినీ చూసుకోవడానికి 1976లో ఆయన్ని నందిగామలోనే ఉండమన్నారు. సొంత ఊరు, మా ఇంటి పక్కిల్లు. ఆయన సరేనన్నాడు.

ఆయన పని వినడానికి తేలికే. వారానికొకసారి ఒక్కో షెడ్డుకి వెళ్లాలి. తయారైన సరుకుని విడతలవారీగా, లాటు లాటుగా, కొలిచి చూడాలి. బాగుంటే పచ్చసిరా ముద్ర, బాగోకపోతే ఎర్రసిరా ముద్ర. నెలాఖరున ఒక్కో షెడ్డుకీ వందకి మార్కులు వేసి ఆ కాగితం హైదరాబాదుకి పోస్టు చెయ్యాలి. అరవై మార్కులు సరుకు నాణ్యతకి, ముప్పై చెప్పిన తేదీకి అందించినందుకు, పది చెప్పింది విని దిద్దుకున్నందుకు. మార్కులు బాగా వచ్చిన షెడ్డుకి పై నెల ఆర్డరు పెరిగేది. తగ్గితే తగ్గేది. అయిదు షెడ్లలో వందమంది దాకా పనిచేసేవాళ్లు. వాళ్ల పై నెల ఎట్లా ఉంటుందో మా బాబాయి రాసే అంకెల్ని బట్టి ఉండేది.

మొదట్లో ఆయన అందరితోనూ కలుపుగోలుగానే ఉండేవాట్ట. కంచికచర్ల షెడ్డు కొండలరావు ఆయనకి బాగా దగ్గరయ్యాడు. ఇంటికి పిలిచి భోజనం పెట్టేవాడు. ఒకసారి కొండలరావు కూతురి పెళ్లి హడావిడిలో పలకలు కాస్త వంకరగా వచ్చినై. పెళ్లింట్లో ఏం గొడవపెడతాంలే అనుకుని మా బాబాయి పచ్చముద్ర వేసేశాడు. నెల తిరక్కుండానే హైదరాబాదునుంచి పిలుపొచ్చింది. యంత్రాలు బిగించే చోటికి తీసుకెళ్లి నిలబెట్టారు. ఒక్కో పనివాడూ తన బల్ల మీది వంకరపలక తీసి చూపించి మళ్లీ కింద పెడుతుంటే, ఆ పొడుగాటి వరస చివరిదాకా ఆయన నడవాల్సి వచ్చింది. ఎవరూ తిట్టలేదు. పలక ఎత్తి చూపించారు, అంతే.

ఆ తరవాత ఆయన ఏ షెడ్డులోనూ మంచినీళ్లు కూడా తాగలేదు. పిల్లలేం చదువుతున్నారని అడగడం మానేశాడు. వెళ్లడం, కొలవడం, ముద్ర వెయ్యడం, బస్సెక్కడం. ముద్ర ఏ రంగుదైనా మొహం ఒక్కలాగే ఉండేది. మా పిన్ని పుష్పవతి సాయంత్రం ఏమైందని అడిగితే, రెండు లాట్లు పాసు, ఒకటి వెనక్కి అనేవాడు. కొన్నాళ్లకి ఆవిడ అడగడం మానేసింది. ఆయన అది గమనించలేదు.

అన్నిటికంటే చివర మొదలైన జగ్గయ్యపేట షెడ్డు పున్నమ్మగారిది. ఆవిడ భర్త హైస్కూల్లో సైన్సు మేష్టారు. ఆయనే కంపెనీవాళ్లతో మాట్లాడి, చిల్లకల్లు వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేయించాడు. మిషన్లు వచ్చిన రెండో నెలలో గుండెపోటుతో పోయాడు. పున్నమ్మగారు వ్యవసాయదార్ల ఇంట్లో పుట్టిన మనిషి, ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. షెడ్డు అమ్మెయ్యమని బంధువులు చెప్పారు. ఆవిడ అమ్మలేదు. 1978లో మా బాబాయి మొదటిసారి వెళ్లినప్పుడు పన్నెండు చేతిమిషన్ల ముందు పన్నెండుమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. తీగ ఎటు తిప్పాలో ఒక్కరికీ తెలీదు.

అక్కడ చుట్టేది రిలే కాయిల్, అంటే ఎక్స్ఛేంజీలో లైన్లు కలిపే రిలే లోపలి తీగచుట్ట. బొటనవేలంత కండె మీద వెంట్రుకకంటే కాస్త లావు రాగితీగ వేల చుట్లు చుట్టాలి. తీగమీద పల్చటి ఎనామిల్ పూత ఉంటుంది. అది ఎక్కడ చిట్లినా కాయిల్ పనికిరాదు. ఎంత బిగువుగా పట్టుకోవాలో, ఎక్కడ వదలాలో మా బాబాయే కూర్చుని నేర్పాడు. మొదటి నెల ఆ షెడ్డుకి యాభై నాలుగు మార్కులు వేశాడు. ఏడాదికి డెబ్భై, మూడేళ్లకి తొంభై ఒకటి. నోటితో బాగుందని ఒక్కనాడూ అనలేదు. పున్నమ్మగారికి ఇంగ్లీషు రాదు గానీ అంకెలు తెలుసు. ఆ కాగితం రాగానే అంకె చూసి, షెడ్డులో అందరికీ వినపడేట్టు చదివేది.

ఆ పన్నెండుమందిలో పనిమంతురాలు దేవమణి. అప్పటికి ముప్పై అయిదేళ్లు ఉంటాయి. భర్త ప్రేమదాసు లారీల మీద సున్నపురాయి ఎక్కించే పనికి వెళ్లేవాడు. దేవమణి మాట తక్కువ. ఒకసారి కంపెనీనుంచి కొత్త తీగ డ్రమ్ము వస్తే, రెండు కాయిల్స్ చుట్టి చెయ్యి ఆపేసింది. తీగ పాతదానికంటే సన్నంగా ఉందండీ అంది. కంటికి ఏ తేడా తెలియట్లేదు. మా బాబాయి కొలిచి చూస్తే నిజంగానే సన్నం. హైదరాబాదుకి కబురు చేశాడు, ఆ విడత డ్రమ్ములన్నీ వెనక్కి తెప్పించుకున్నారు. షెడ్డువారు గమనించి చెప్పారని ఆయన రిపోర్టులో రాశాడు. దేవమణి పేరు రాయడానికి అందులో చోటు లేదు.

1985 మే నెలలో కొనుగోళ్ల ఆఫీసరు భవానీప్రసాద్ ఆయన్ని హైదరాబాదు పిలిపించాడు. భవానీప్రసాద్ చెడ్డవాడు కాదు. నెమ్మదస్థుడు, కింది ఉద్యోగులతో మీరు అనే మాట్లాడేవాడు. కొత్తరకం ఎక్స్ఛేంజీలు వస్తున్నాయని చెప్పాడు. వాటిలో రిలేలుండవు, అంతా చిప్పులే. కాయిల్స్, పలకలు, స్ప్రింగులు ఇక అక్కర్లేదు. షెడ్లవాళ్లతో రాసుకున్న కాగితం ప్రకారం ఆపాలంటే ఆరునెలల ముందు చెప్పాలి, ఆ ఆరునెలలూ సరుకు తీసుకోవాలి. వరసగా మూడు నెలలు అరవైకి తక్కువ మార్కులు వచ్చిన షెడ్డుని మాత్రం ఏమీ చెప్పకుండా తీసెయ్యొచ్చు. ముందు జగ్గయ్యపేట అన్నాడు.

అది విని మా బాబాయి, జగ్గయ్యపేట షెడ్డుకి తొంభైకి తక్కువ ఎప్పుడొచ్చిందో గుర్తులేదండీ అన్నాడు.

"మీటరు అంకెలు ముట్టుకోమని నేను అనట్లేదు జగన్నాథరావుగారూ. కంటి గడి ఒకటుంది కదా" అన్నాడు భవానీప్రసాద్.

నాణ్యత కింద ఉన్న అరవైలో పాతిక మార్కులకి కరెంటు పెట్టి కొలిచే మీటరుతో సంబంధం లేదు. చుట్లు వరసగా పడ్డాయా లేదా అని కంటితో చూసి వెయ్యాలి. ఆ మార్కు బాగా తగ్గితే లాటు వెనక్కి పోతుంది. వెనక్కిపోయిన లాటు తేదీకి అందనట్టే లెక్క, కాబట్టి ముప్పైలోనూ కోత పడుతుంది.

ఏం రాయమంటారని మా బాబాయి అడిగాడు. మీకు ఏది కనిపిస్తే అది రాయండి అన్నాడు భవానీప్రసాద్, కిటికీలోంచి బయటికి చూస్తూ. పైనుంచి వచ్చిన మాట అని కూడా అన్నాడు. మా బాబాయి సరేనని లేచాడు.

ఆ తిరుగుబస్సులో ఏమనుకున్నావు బాబాయ్ అని నేను చాలా ఏళ్ల తరవాత అడిగాను. సూర్యాపేటలో దిగి టీ తాగానన్నాడు. ఇంకేమీ గుర్తులేదన్నాడు.

జూన్ మొదటి బుధవారం ఆయన జగ్గయ్యపేట వెళ్లాడు. బల్లమీద రెండువందల కాయిల్స్ సిద్ధంగా ఉన్నాయి. ఒక్కోటీ మీటరు పెట్టి చూశాడు. అన్నీ బాగున్నాయి. కాగితంలో మీటరు గళ్లన్నీ నింపి, కంటి గడిలో అయిదు వేశాడు. డబ్బామీద ఎర్రముద్ర వేశాడు. షెడ్డులో మిషన్లు ఒకటొకటే ఆగినై.

పున్నమ్మగారు దగ్గరికొచ్చి, తప్పు ఎక్కడుందో చూపిస్తే దిద్దుకుంటామండీ అంది. ఆయన చేతికందిన కాయిల్ ఒకటి తీసి, పెన్సిలు మొనతో ఒకచోట తాకి, ఇక్కడ అన్నాడు. అక్కడ ఏమీ లేదు. పున్నమ్మగారు దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి, కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"అవునండీ, కనిపిస్తోంది" అంది.

 

చుట్టినవాళ్ల నంబరు చీటీ ప్రతి కాయిల్‌కీ కట్టి ఉంటుంది. ఆయన చేతికొచ్చినదానిమీద నాలుగో నంబరుంది. నాలుగు దేవమణిది. ఆయన చీటీ చూసి తియ్యలేదు. ఏది తీసినా ఎవరిదో ఒకరిది అయ్యుండేది.

దేవమణి వచ్చి కాయిల్ అందుకుని చుట్లమీద గోరు నడిపింది. నా గోటికి ఏమీ తగలట్లేదండీ అంది పున్నమ్మగారితో. ఇన్‌స్పెక్టరుగారికి కనిపించింది, నాకూ కనిపించింది, నీ గోటికి తగలకపోవడమేంటని ఆవిడ కసిరింది. ఏడేళ్లలో దేవమణిని ఆవిడ కసరడం అదే మొదలు. దేవమణి కాయిల్ బల్లమీద పెట్టేసి తన చోటికి వెళ్లిపోయింది.

రెండువందలూ విప్పి మళ్లీ చుడతామని పున్నమ్మగారు అంది. కొత్త తీగ వచ్చే నెల గానీ రాదు. విప్పిన తీగతోనే చుట్టమంటారా అని ఆయన్ని అడిగింది.

ఒకసారి చుట్టి విప్పిన తీగని మళ్లీ చుట్టకూడదు. విప్పేటప్పుడు పైపూత కంటికి కనపడకుండా చిట్లుతుంది. అది ఆయనకి తెలుసు. మీ ఇష్టం అన్నాడు. అని బస్సుకి టైమైందని వచ్చేశాడు.

తరవాతి మూడు వారాలు ఆ షెడ్డులో పొద్దున ఏడింటికే పని మొదలైంది. పున్నమ్మగారు కంసాలి దగ్గర భూతద్దం కొనుక్కొచ్చింది. ఒక్కో కాయిల్‌నీ దాంతో చూసి, కాస్త అనుమానం వస్తే చాలు విప్పించేది. కొన్నిటిని మూడేసిసార్లు విప్పించింది. ఆడవాళ్ల వేళ్ల చివర్లు తీగకి కోసుకుపోయినై. గుడ్డపీలికలు చుట్టుకుని కూర్చునేవాళ్లు. దేవమణిని మాత్రం మిషను దగ్గర్నుంచి లేపి, కండెలు తుడిచే పనికి పెట్టింది.

జులై లాటుకి ఆయన మీటరు పెట్టాడు. అరవై కాయిల్స్ చెడిపోయి ఉన్నాయి. ఈసారి కంటి గడి అవసరం రాలేదు. ఆగస్టులో ఎనభై చెడిపోయినై. ఉన్నది ఉన్నట్టు రాశాడు. మొదటి నెల ఒక్కటే ఆయన రాసిన అబద్ధం. మిగతా రెండు నెలలూ వాళ్లే కష్టపడి నిజం చేశారు.

జులై ఆఖరి వారంలో ఆయన వెళ్లేసరికి నాలుగో మిషను దగ్గర ఇంకెవరో అమ్మాయి కూర్చుని ఉంది. కండెలు తుడిచే చోట కూడా దేవమణి లేదు. ఆయన అడగలేదు. పున్నమ్మగారే చెప్పింది, చెయ్యి కుదరని మనిషిని మొహమాటానికి పెట్టుకుంటే అందరికీ ముప్పని పంపించేశానని. ఆయన తలూపాడు.

సెప్టెంబరులో కంపెనీ ఉత్తరం ఆయనకే ఇచ్చి పంపారు. అది ఇంగ్లీషులో ఉంది. పున్నమ్మగారు చదివి చెప్పమంటే చదివి చెప్పాడు. మూడు నెలలుగా సరుకు ప్రమాణాలకి తగ్గట్టు లేనందువల్ల మీ పేరు మా సరఫరాదారుల జాబితానుంచి తొలగిస్తున్నాం అని. ఆవిడ నిలబడే విన్నది.

"మావల్లే అయింది లెండి. మీరు ఏడేళ్లు విసుక్కోకుండా నేర్పారు. మేమే నిలబెట్టుకోలేకపోయాం" అంది.

లోపలికెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చిస్తే ఆయన నిలబడే తాగి గ్లాసు బల్లమీద పెట్టాడు. వద్దనడం గుర్తురాలేదన్నాడు నాతో.

సంక్రాంతి లోపే మిగతా నాలుగు షెడ్లకీ ఇట్లాంటి ఉత్తరాలే వెళ్లాయి. కొండలరావు ఇనప గేట్లు చెయ్యడం మొదలుపెట్టాడు. మైలవరం షెడ్డు మూతపడింది. మా బాబాయికి సీనియర్ ఇన్‌స్పెక్టరుగా ప్రమోషను కాగితం వచ్చింది. మా పిన్నికి ఆ సంగతి నెల తరవాత, సంచీ దులుపుతుంటే తెలిసింది. చెప్పలేదేమని అడిగితే, చెప్పాననుకున్నా అన్నాడు.

1986 ఫిబ్రవరిలో కంపెనీ తాలూకు కండెలు, కొలతపరికరాలు వెనక్కి తీసుకోవడానికి ఆయన మళ్లీ జగ్గయ్యపేట వెళ్లాడు. బస్టాండు దాటాక మిరపకాయల గోదాము ముందు ఆడవాళ్లు వరసగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఘాటుకి దారినపోయేవాళ్లు దగ్గుతున్నారు. ఆ వరసలోంచి ఒకామె లేచి, ముక్కుకి కట్టుకున్న కొంగు తీసి, ఆయన్ని ఆగమన్నట్టు చెయ్యెత్తింది. దేవమణి. మిరపకాయలు వలిచీ వలిచీ చేతులు ఎర్రగా పొంగి ఉన్నాయి. వాటిని ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని నిలబడింది.

"ఒక్క మాట అడుగుతానండీ. ఆ రోజు నా కాయిల్‌లో మీకు ఏం కనిపించిందండీ?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది. పని పోయాక ఇంటి దగ్గర కర్రపుల్లకి కుట్టుదారం చుట్టుకుంటూ చూసుకుందట. తన చెయ్యి ఎక్కడ దారి తప్పుతోందో పట్టుకోవాలని రోజూ చుట్టడం, విప్పడం. ఎంత చుట్టినా సరిగ్గానే ఉన్నట్టుంటుందట. తప్పు తెలియనప్పుడే ఎక్కువ భయం కదండీ అంది. ప్రేమదాసు చూసి ఆ పుల్ల పొయ్యిలో పడేశాడట. ఆమె ఇంకో పుల్ల చెక్కుకుంది.

మా బాబాయికి ఏదో ఒకటి చెప్పి వెళ్లిపోవడం కష్టం కాదు. బిగువు ఎక్కువైందనో, వయసుతో చూపు తగ్గిందనో అంటే ఆమె నమ్మేది. ఎందుకు అట్లా అనలేదో ఆయనకే తెలీదు. నోటికొచ్చింది చెప్పానన్నాడు.

"ఏమీ కనిపించలా. నీ చేతిలో తప్పు లేదు దేవమణీ. రాయమన్నారు, రాసా."

 పక్కన కూర్చున్న ఆడవాళ్లు తొడిమలు తీస్తూనే ఉన్నారు. దేవమణి అడిగింది, మరి నా కాయిలే ఎందుకు తీశారని. చేతికి అదే వచ్చిందన్నాడు. ఆమె తలూపింది. గాలికి ఎగిరొచ్చిన మిరపగింజలు మోచేత్తో చీరమీంచి దులుపుకుంది.

"ఈ మాట నాకెందుకండీ. పున్నమ్మగారికి చెప్పండి. ఆవిడ బజార్లో నన్ను చూస్తే మొహం తిప్పుకుంటంది" అంది. మళ్లీ కొంగు కట్టుకుని కూర్చుంది.

ఆయన అక్కణ్నుంచి నేరుగా షెడ్డుకి వెళ్లాడు. పున్నమ్మగారు కంపెనీ సామాను పెట్టెల్లో సర్ది, ఏది ఎన్నో చీటీలు రాసి పెట్టింది. లెక్క చూసుకోండి అంది. ఆయన పెట్టె మూత కూడా తియ్యకుండా జూన్ సంగతి చెప్పాడు. భవానీప్రసాద్ పిలవడం, కంటి గడి, చేతికందిన కాయిల్, అన్నీ.  లాటు రిపోర్టు చదివినట్టే చెప్పాడట.

ఆవిడ మధ్యలో ఆపలేదు. అయిపోయాక అడిగింది.

"మూడు నెలలూనా?"

"మొదటి నెల ఒక్కటే. తరవాత నిజంగానే చెడిపోయినై."

"ఎందుకు చెడిపోయినై?"

"విప్పిన తీగ మళ్లీ చుట్టకూడదండీ. పూత చిట్లిపోద్ది."

"ఆ సంగతి మీకు అప్పుడు తెలుసా?"

"తెలుసు."

పున్నమ్మగారు స్టూలు మీద కూర్చుంది. కనిపిస్తోంది అన్నాను కదండీ నేను, అంది మెల్లిగా. ఏముందని కనిపించింది నాకు? ఆయన్ని కాదు అడిగింది. కాసేపటికి లేచి, చెప్పులేసుకుని, తాళం కప్ప చేతిలోకి తీసుకుంది. ఆయన బయటికొచ్చాక తాళం వేసింది. ఎక్కడికో అర్థమై ఆయన కూడా రెండడుగులు వేస్తే, మీరు రావద్దు అంది.

దేవమణి ఇంటి దగ్గర ఏం జరిగిందో నాకు దేవమణే చెప్పింది. గోదాము పని ముగించుకుని ఆమె ఇంటికొచ్చేసరికి పున్నమ్మగారు అరుగుమీద కూర్చుని ఉంది. ఎంతసేపట్నుంచి కూర్చుందో తెలీదు. తప్పయింది అనలేదు. ఆ మాట ఆవిడ నోటికి అలవాటు లేదు. దేవమణి చేతులు చూసి, కొబ్బరినూనె రాసుకోవచ్చు కదే అంది. తరవాత, రేపట్నుంచి వస్తావా అని అడిగింది. ఏం పనికండీ అని దేవమణి. నాకూ తెలీదు అంది పున్నమ్మగారు. దేవమణి మర్నాడు వెళ్లింది.

రెండు వారాల తరవాత పున్నమ్మగారు మా బాబాయికి కబురు పంపింది. జూన్‌లో వేసిన మార్కు తప్పుడు మార్కని ఆయన చేత్తో రాసివ్వాలని అడిగింది. ఆయన షెడ్డులోనే కూర్చుని తెలుగులో అరపేజీ రాసి, సంతకం పెట్టి, కింద తేదీ వేశాడు. భయపడినట్టు గానీ తెగించినట్టు గానీ కనపడలేదంది దేవమణి. రసీదు రాసిచ్చినట్టు రాసిచ్చాడట. పున్నమ్మగారు దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో కంపెనీకి పంపింది.

కంపెనీ ఆవిడకి జవాబివ్వలేదు. మా బాబాయిని విచారణకి పిలిచారు. ముగ్గురు ఆఫీసర్లు కూర్చున్నారు, పక్కన భవానీప్రసాద్ కూడా ఉన్నాడు. మార్కు తగ్గించమని ఎవరన్నా చెప్పారా అని అడిగారు. రాసింది నేనే అన్నాడు. ఎవరు చెబితే రాశారని మళ్లీ అడిగారు. మళ్లీ అదే అన్నాడు. భవానీప్రసాద్ తలవంచుకుని కాగితాలు సర్దుకుంటున్నాడట.

ఆయన పేరెందుకు చెప్పలేదు బాబాయ్ అని అడిగాను. భయం కాదు, జాలీ కాదు అన్నాడు. పేరు నోటిదాకా రాలేదట. ఆ గదిలో కూర్చున్నది తను కాదన్నట్టే ఉందట. చల్లగా ఫ్యాను తిరుగుతోంది, అది తెలిసింది అన్నాడు.

ప్రమోషను తీసేసి, రెండు ఇంక్రిమెంట్లు కోసి, ఆయన్ని హైదరాబాదులో స్టోర్స్‌కి మార్చారు. అక్కడ కొలిచేదీ లేదు, మార్కులు వేసేదీ లేదు. వచ్చిన పెట్టెమీద అర పేరు రాసి అరలో పెట్టించడం, అడిగినప్పుడు తీయించి ఇవ్వడం. శనివారం సాయంత్రం నందిగామ వచ్చి ఆదివారం వెళ్లేవాడు. మా పిన్ని హైదరాబాదు కాపురానికి వస్తానంటే, నీ ఇష్టం అన్నాడు. ఆవిడ అది విని వెళ్లడం మానుకుంది. పిల్లల చదువులు ఇక్కడే సాగుతున్నాయని ఊళ్లో చెప్పింది.

జగ్గయ్యపేట షెడ్డులో చేతిమిషన్లు అమ్మేసి పున్నమ్మగారు నెలన్నర ఊరికే కూర్చుంది. ఆ వేసవిలో ఊళ్లలో కరెంటు మరీ దారుణంగా ఉండేది. ఓల్టేజీ పడిపోయి పొలాల్లో నీటి మోటార్లు వరసగా కాలిపోయేవి. వాటికి తీగ మళ్లీ చుట్టించాలంటే విజయవాడ తీసుకెళ్లి పదిరోజులు ఆగాలి, ఈలోగా తోట ఎండిపోయేది. పున్నమ్మగారి మరిది మోటారు కాలితే, పారేస్తారా, మాకివ్వండి అని దేవమణి అడిగింది. ఇద్దరూ దాన్ని విప్పారు. మాడిపోయిన తీగ ఒక్కో చుట్టూ లెక్కపెట్టి, ఏది ఎటు పోయిందో బలపంతో నేలమీద బొమ్మ గీసుకున్నారు. కొత్త తీగ కొని అట్లాగే చుట్టారు. అది రెండు గంటలు తిరిగి మళ్లీ కాలిపోయింది. రెండోసారి చుట్టింది మిరపతోట కోతలయ్యేదాకా తిరిగింది.

ఆడవాళ్లు మోటార్లు చుట్టడమేంటని మొదట్లో నవ్వినవాళ్లున్నారు. రెండు రోజుల్లో ఇస్తున్నారని తెలిశాక చెవిటికల్లునుంచి, జి.కొండూరునుంచి కూడా బళ్లమీద తెచ్చేవాళ్లు. పాత పన్నెండుమందిలో అయిదుగురు తిరిగొచ్చారు. దేవమణి పని చెప్పేది, పున్నమ్మగారు వచ్చినవాళ్లతో మాట్లాడేది. వాళ్లిద్దరి మధ్యా మునుపటి చనువు ఉందో లేదో నాకు తెలీదు. జూన్ సంగతి మాత్రం ఇద్దరూ మళ్లీ ఎత్తలేదంది దేవమణి.

1988 మార్చిలో మా నాన్నకి టైఫాయిడ్ వచ్చింది. సరిగ్గా అప్పుడే పొలంలో మోటారు కాలింది. బాబాయి ఆ వారం సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. మోటారు ఎక్కడికి తీసుకెళ్లాలో మా నాన్న చెబితే ఏమీ అనకుండా వెళ్లాడు.

షెడ్డులో దేవమణి ఆయన్ని చూసి రండి అంది. అన్నయ్యకి జ్వరం, పొలం ఎండుతోందని ఆయన చెప్పాడు. మోటారు మూత తీయించి, లోపల వాసన చూసి, గురువారానికి ఇస్తామంది. పున్నమ్మగారు లోపల్నుంచి వచ్చి, పుష్పవతిగారు బాగున్నారా అని అడిగింది. బాగుందండీ అన్నాడు. మీ అన్నయ్యగారికి జ్వరం తగ్గిందా అంది. తగ్గుతోందన్నాడు. వచ్చినవాళ్లెవరితోనైనా ఆవిడ మాట్లాడేది అంతే.

గురువారం వెళ్లేసరికి మోటారు సిద్ధంగా ఉంది. దేవమణి మీట వేసి చూపించింది, సన్నగా రొద చేస్తూ తిరిగింది. పుస్తకం తీసి ఎవరి పేరు రాయమంటారని అడిగింది. మా అన్నయ్యదే రాయమన్నాడు. ఆమె అక్షరాలు కూడబలుక్కుంటూ రాసి, ఆయనకి చూపించి, సరిపోయిందా అంది. సరిపోయిందన్నాడు.

రిక్షా సీటుమీద మోటారు పెట్టి తాడుతో కట్టాక ఆయన కూర్చోవడానికి చోటు మిగల్లేదు. నందిగామ బస్సు చిల్లకల్లులో ఎక్కాలి. టైముంది. ఆయన రిక్షా వెనకాలే, మోటారు కదలకుండా ఒక చెయ్యి ఆనించి, చిల్లకల్లు దాకా ఎండలో నడిచాడట.